మూలిగే చెట్ల కొండ

ప్రొద్దుటూరులో పదకొండేళ్లు డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను. ఏటా పైన్ చెట్టు పాఠం వచ్చేది. బోర్డు మీద సుద్దముక్కతో సూదుల్లాంటి ఆకుల గుత్తి గీసేదాన్ని. అద్దాల బీరువాలోంచి దుమ్ము పట్టిన పాత పైన్ కాయ తీసి, బెంచీల వెంట చేతులు మార్పించేదాన్ని. ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తైన చెట్టూ, అన్నిటికంటే బరువైన చెట్టూ ఇలాంటి వివృతబీజాలే, ఉత్తర అమెరికా కొండల్లో ఉంటాయి అని గట్టిగా చెప్పేదాన్ని. నేను వాటిలో ఒక్కదాన్నీ చూడలేదన్న సంగతి మాత్రం ఏ పిల్లవాడికీ చెప్పలేదు.

ఇప్పుడు కాన్‌బెర్రాలో, గంగాలిన్‌లో ఉంటున్నాం. పాఠాలు పోయాయి, చైల్డ్‌కేర్‌లో ఉద్యోగం. పోయిన ఉగాది సంబరాల్లో పులిహోర వరసలో నిలబడి ఉంటే వెనక నుంచి ఎవరో "మేడం!" అన్నారు. తిరిగి చూస్తే ఓబులేసు. నా దగ్గర చదివిన కుర్రాడు, పైన్ పాఠం ఉన్న పేపరు రెండుసార్లు రాసి గట్టెక్కినవాడు. నలభై దగ్గర పడుతున్నాడు, చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. టూముట్ దగ్గర అడవుల్లోంచి పైన్ దుంగలు మోసే లారీ నడుపుతున్నాడట.

"మీరు బోర్డు మీద గీసిన చెట్లన్నీ మా కొండ మీద ఉండాయి మేడం. అమెరికావి. వందేళ్ల కిందట నాటినారంట. ఒకసారి వచ్చి చూడండి" అన్నాడు.

ఇంట్లో చెబితే మా అమ్మాయి ఫోనులోంచి తలెత్తకుండా "అమ్మా, దే ఆర్ జస్ట్ ట్రీస్" అంది. మా ఆయనకు ఆఫీసులో ఆన్‌కాల్. మే నెలలో ఒక శుక్రవారం, ఇక్కడ చలి మొదలయ్యే రోజుల్లో, ఒక్కదాన్నే కారులో బయలుదేరాను.

దువ్విన కొండలు

గండగై దాటి టూముట్ వైపు మళ్లగానే దారి పక్కన పాప్లర్ చెట్లు పసుపు రంగులో వెలుగుతున్నాయి. వాటి వెనక కొండలు మాత్రం నల్లగా ఉన్నాయి. దగ్గరికి వెళ్తే అది పచ్చదనమే, కానీ ఎంత చిక్కటి పచ్చదనమంటే ఎండ దాని మీద పడి ఇంకిపోతున్నట్టుంది. అన్నీ పైన్‌లే. దువ్వెనతో పాపిట తీసి దువ్వినట్టు వరసలు.

మా వైపు నల్లమలలో ఎక్కడ కారు ఆపినా ఏదో ఒక చప్పుడు ఉంటుంది. చిలకో, ఎండుటాకుల్లో తొండో, దూరంగా గొర్రెల మెడ గంటలో. ఇక్కడ ఒక వరస పక్కన ఆపి అద్దం దించాను. ఏమీ లేదు. చెవి మూసుకున్నట్టుంది. నేల మీద అడుగు మందాన ఎండుసూదులు, వాటి మధ్య గడ్డిపోచ కూడా లేదు. రెండు నిమిషాలకే అద్దం ఎత్తేసి బయలుదేరాను. ఎందుకు ఎత్తానో నాకే తెలియలేదు.

ఓబులేసు ఇల్లు రంపం మిల్లుకు దగ్గర. ఊరంతా పచ్చి చెక్క వాసన. అతని భార్య లీల ఊళ్లోని ఆస్పత్రిలో నర్సు. రాగిసంగటి, పొట్టేలు కూర చేసింది. రాగిపిండి ఇక్కడ దొరకదు. సిడ్నీ వెళ్లినప్పుడల్లా మనవాళ్ల దుకాణాలుండే హారిస్ పార్క్‌లో పది కిలోలు కొని తెచ్చుకుంటారట.

"ఈ కొండల మీద కనపడేది రేడియేటా పైన్ మేడం" అని ఓబులేసు సంగటి ముద్ద చేస్తూ చెప్పాడు. "దాని సొంతూరు కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డు. ఆడ గాలికి వంకర్లు పోయి, పొట్టిగా ఉంటాదంట. ఈడికొచ్చినాక నిటారుగా లేసింది. నా మాదిరే."

లీల పకపకా నవ్వింది. "ఈయన ఇన్నేళ్లుగా ఆ చెట్లను మోస్తా ఉండాడు కదా మేడం, ఒక్క దినం గూడా లోపలికి పోయి నడవలేదు. అడగండి."

"పని లోపల లేదు కదా" అన్నాడు ఓబులేసు. కాసేపటికి తనే మళ్లీ అన్నాడు, "లోపల పిట్ట అరవదు మేడం. నాకు పడదు."

ఆపిల్ షెడ్డులో పెద్దాయన

మర్నాడు శనివారం. లీలకు డ్యూటీ. నేనూ ఓబులేసూ బాట్లో అనే ఊరికి వెళ్లాం. ఆపిల్ తోటల ఊరు. కోతలు అయిపోతున్న రోజులు కనుక షెడ్డు ముందు గంపల నిండా పండ్లు. సంచీ ఆపిల్స్ నాలుగు డాలర్లు. మా ఊళ్లో ఆపిల్ అంటే జ్వరం వచ్చినవాళ్లకు తీసుకెళ్లే పండు, కాగితం చుట్టి ఒక్కొక్కటిగా అమ్మేవాళ్లు. ఇక్కడ గుర్రాలకు వేస్తున్నారు.

బల్ల దగ్గర వేడి ఆపిల్ పై తింటూ, దారిలో ఏరిన సూదుల గుత్తిని చేతిలో తిప్పుతున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఒకరు చూసి, "లెక్కపెట్టారా?" అని ఇంగ్లీషులో అడిగారు.

"మూడు. రేడియేటా" అన్నాను.

ఆయన కళ్లు మెరిశాయి. పేరు కీత్. డెబ్బై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా ఉన్నారు. నడుముకు తోలు కేసులో కొలత టేపు. అడవి శాఖలో పనిచేసి రిటైరయ్యారు, భార్య పోయాక ఒక్కరే ఉంటున్నారు. కొండ మీది పాత చెట్ల తోటను ఎవరూ అడగకుండానే ఏటా కొలుస్తారట. ఛాతీ ఎత్తున టేపు చుట్టి, లావెంతో పుస్తకంలో రాసుకుంటారు.

నేను వృక్షశాస్త్రం చెప్పానని తెలిశాక ఇక ఆగలేదు. పైన్‌లన్నిటిలోకీ ఎత్తైనది షుగర్ పైన్. గుత్తికి అయిదు సూదులు, కాయ మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా ఉంటుంది. ఎత్తులో అన్నిటినీ మించింది సముద్రపు ఒడ్డు రెడ్‌వుడ్, దాని కాయ మాత్రం గోలీకాయంత. బరువులో మించింది జెయింట్ సెక్వోయా.

"ఇక్కడున్నవి పసిపిల్లలు. వాటి ఊళ్లో రెండు వేల ఏళ్లవి ఉన్నాయి. మనం వీటి బాల్యమే చూస్తున్నాం" అన్నారు.

లేవబోతుంటే ఒక మాట చెప్పారు. "లోపల మీకు మూలుగులు వినిపిస్తాయి. గుబురుగా పెరిగిన చెట్లు గాలికి ఒకదానికొకటి రాసుకుంటాయి. అచ్చం మనిషి మూలిగినట్టే ఉంటుంది. కొత్తవాళ్లు హడలిపోతారు. పట్టించుకోకండి."

"ఈ ఏడు కొలతలు అయిపోయాయా?" అని అడిగాను.

"ఇంకా లేదు. ఎండ చూసుకుని రేపో ఎల్లుండో" అన్నారు. నాకూ ఓబులేసుకూ చెరో ఆపిల్ ఇచ్చి, టోపీ సర్దుకుని వెళ్లిపోయారు.

లేని చెట్ల మధ్య

కొండ దారిలో ఓబులేసు ఒకచోట ఆపాడు. ఇక్కడ షుగర్ పైన్‌లు రెండు వరసలుగా ఉండేవట. జనం పెళ్లిళ్లు చేసుకోవడానికి వచ్చేవారట. కొన్నేళ్ల కిందట పెద్ద కార్చిచ్చు వచ్చిన వేసవిలో కాలిపోయాయి. మాడి నిలబడ్డ మానులు ఎవరి మీద పడతాయోనని తర్వాత కొట్టేశారు. ఇప్పుడు నల్లటి మొదళ్లు, వాటి మధ్య కొత్తగా నాటిన మొక్కలు.

"మా పెళ్లయిన కొత్తలో లీలా నేనూ ఈడికి వచ్చినాం. గుడి మంటపం మాదిరి ఉండేది మేడం. రెండు పక్కలా స్తంభాలు, పైన కప్పు. లోపల ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు."

అలా చెబుతూనే గొంతు తగ్గించాడు. మేమిద్దరం ఆ ఖాళీలో నడిచాం. నెత్తిన ఆకాశం తప్ప ఏమీ లేదు. అయినా ఓబులేసు పక్కకు జరగకుండా నడి మధ్యనే నడిచాడు. ఒకచోట ఆగి, అక్కడేదో గోడ ఉన్నట్టు వెనక్కి తిరిగాడు. "ఇక్కడికి అయిపోయేది" అన్నాడు. కొలిచి చూడకుండా ఆ చోటు అతనికెలా తెలిసిందో అడగలేదు.

పాత తోట

చెట్ల తోట ఇంకా పైన ఉంది. పై గేటు దగ్గర కారు పెట్టి లోపలికి వెళ్లేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఒక్కో జాతి ఒక్కో మడిగా నాటారు. పాండెరోసా పైన్ బెరడు పలకలు పలకలుగా ఉంది, ముక్కు ఆనిస్తే వెనీలా ఐస్‌క్రీమ్ వాసన. డగ్లస్ ఫర్ కాయ చేతికి తీసుకుంటే పొలుసుల కింద నుంచి ఎలుక తోకా వెనక కాళ్లూ బయటికి పెట్టినట్టు ఉంటుంది. పేరుకు ఫర్ చెట్టు, నిజానికి ఫర్ జాతిది కాదు. ఇదంతా పాఠంలో చెప్పినదాన్నే. కానీ వాసన గురించి ఎప్పుడూ చెప్పలేదు, ఎందుకంటే తెలియదు.

ఇంకా దిగువకు వెళ్తే సెక్వోయా. దాన్ని చెట్టు అనడానికి మనసొప్పలేదు. ఎర్రటి గోడ భూమిలోంచి లేచి పొగమంచులోకి పోయింది. ఓబులేసూ నేనూ చెరోవైపు నుంచి చేతులు చాపి పట్టుకున్నాం. సగం చుట్టే వచ్చింది. బెరడు మెత్తగా, పీచుగా, కొంచెం వెచ్చగా ఉంది. పిడికిలితో గుద్దినా చప్పుడు రాలేదు. పసిపిల్ల అన్నారే పెద్దాయన, అనుకున్నాను.

అక్కడి నుంచి మళ్లీ పైకి వచ్చాం. లీల నుంచి ఏదో మెసేజి ఉందని, సిగ్నల్ దొరికే చోటికి వెళ్లి ఫోను చేసి వస్తానని ఓబులేసు వెళ్లాడు. "ఈడనే ఉండండి మేడం" అన్నాడు. నేను డగ్లస్ ఫర్ కాయలు ఏరుతూ కాస్త కాస్తగా జరిగాను. తోట అంచున రేడియేటా వరసలు మొదలవుతాయి. వాటిలోకి పది అడుగులు వేశానేమో. తల ఎత్తేసరికి పొగమంచు దిగింది.

నాలుగు వైపులా ఒకే దృశ్యం. అడ్డంగా చూస్తే వరస, నిలువుగా చూస్తే వరస, మూలగా చూసినా వరసే. వచ్చిన వైపు అనుకుని యాభై అడుగులు నడిచాను. తోట రాలేదు. వెనక్కి తిరిగాను. నా అడుగు గుర్తులు కూడా లేవు, సూదులు మళ్లీ పైకి లేచి సర్దుకున్నాయి. "ఓబులేసూ!" అని అరిచాను. గొంతు నా ముఖం దగ్గరే పడిపోయింది.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఒక చెట్టుకు ఆనుకుని నిలబడి, క్లాసులో చెప్పినట్టు గట్టిగా పాఠం చెప్పడం మొదలుపెట్టాను. ఏదో ఒక మనిషి గొంతు వినిపించాలి, నాదైనా సరే. "పైన్ వివృతబీజం. ఆకులు రెండు రకాలు. పొలుసాకులు, సూదాకులు. పైనస్ రేడియేటా, గుత్తికి మూడు. పైనస్ పాండెరోసా, మూడు. పైనస్ లాంబర్టియానా, అంటే షుగర్ పైన్…"

ఎడమవైపు, పల్లంలోంచి ఒక మూలుగు వచ్చింది.

సన్నగా మొదలై, సాగి, చివర విరిగింది. చెట్టును రెండు చేతులా పట్టుకున్నాను. తర్వాత కీత్ మాట గుర్తొచ్చింది. "చెట్టే" అని పైకి అనుకున్నాను. నవ్వు కూడా తెచ్చుకున్నాను. "పైనస్ లాంబర్టియానా, గుత్తికి అయిదు" అని అందుకుని, పాఠం సాగించాను.

కాసేపటికి మళ్లీ వచ్చింది. ఈసారి వెనక నుంచి, కుడివైపు ఎగువ నుంచి. పొట్టిగా, దగ్గరగా. నేను గొంతు పెంచాను. అక్కడి నుంచి డగ్లస్ ఫర్, రెడ్‌వుడ్, సెక్వోయా, తెలిసిన పేర్లన్నీ ఆపకుండా చెప్పుకుంటూ పోయాను. ఎంతసేపో తెలియదు. చివరికి కారు హారను వినిపించింది. దాన్ని పట్టుకుని పరుగులాంటి నడకతో బయటపడ్డాను.

"ముఖం పాలిపోయింది మేడం!" అన్నాడు ఓబులేసు.

"చెట్లు నిజంగానే మూలుగుతాయి" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఇంటికెళ్లి వేడివేడి చారు తాగి, హాయిగా నిద్రపోయాను. ఆ నిద్రను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

నారింజ రంగు బట్టలు

ఆదివారం పొద్దున కాఫీ తాగుతుంటే ఓబులేసు నారింజ రంగు యూనిఫామ్‌లో హాల్లోకి వచ్చాడు. వరదలూ ప్రమాదాలూ వచ్చినప్పుడు పిలిస్తే వెళ్లే వాలంటీర్లలో అతనూ ఒకడు.

"మేడం, నిన్న కలిసినాం చూడండి, కీత్. రాత్రి ఇంటికి రాలేదంట. పొద్దున పొగగొట్టంలో పొగ రాలేదని పక్కింటామె పోయి చూసింది. ఆయన చిన్న ట్రక్కు కొండ కింది గేటు కాడ ఉండాదంట. నిన్న కాసేపు మబ్బు విడిచిందని కొలతలకు పోయినట్టుండాడు. మనం పై గేటు నుంచి పోతిమి, కనపడలేదు."

కప్పు కింద పెట్టాను.

"ఓబులేసూ, నిన్న అక్కడ గాలి ఉందా?"

"యాడ గాలి మేడం? పొగమంచు కదలనే లేదు కదా."

గాలి లేకపోతే చెట్లు రాసుకోవు. ఇది నేను అక్కడే, ఆ చెట్టుకు ఆనుకుని నిలబడి ఆలోచించవలసిన సంగతి.

కింది గేటు దగ్గర పదిహేను మంది దాకా ఉన్నారు. వాళ్ల నాయకురాలు, నడివయసు మనిషి, పటం పరిచి నిలబడింది. అందరి ముందూ చెప్పాను. నిన్న మధ్యాహ్నం మూలుగులు విన్నాను, చెట్లనుకుని వచ్చేశాను. ఒకటి పల్లం నుంచి, ఒకటి ఎగువ నుంచి. ఒకాయన బూట్ల వైపు చూసుకున్నాడు. ఆమె పటం మీద రెండు గుర్తులు పెట్టి, మనుషుల్ని రెండు జట్లు చేసింది. ఓబులేసు ఎగువకు వెళ్లాడు. నేను పల్లానికి వెళ్లేవాళ్ల వెంట నడిచాను. వద్దని ఎవరూ అనలేదు.

రాత్రి మంచు గడ్డకట్టి సూదులు కాళ్ల కింద కరకరలాడుతున్నాయి. సెక్వోయా మడి అవతలి వైపు, మేమిద్దరం చేతులు చాపి పట్టుకున్న మానుకు కాస్త దిగువన, ఇంకో సెక్వోయా వేళ్ల మధ్య ఎర్రటి చెత్త కుప్ప కనిపించింది. కుప్ప మీద టోపీ. ఆ టోపీ కింద ముఖం.

జారిపడి తొడ విరిగింది. కదలలేక, చేతికందినంత మేర బెరడు పీచూ ఎండాకూ లాక్కుని మెడదాకా కప్పుకున్నారు. అడవి మనిషి కనుక అది తెలుసు. ముఖం బూడిద రంగులో ఉంది. పక్కన మోకాళ్ల మీద కూర్చుని పేరు పెట్టి పిలిచాను. కళ్లు తెరవలేదు. పెదవులు కదిలాయి. చెవి దగ్గర పెట్టి విన్నాను.

"అయిదు" అన్నారు. "గుత్తికి అయిదు."

ఎగువ జట్టుకు ఏమీ దొరకలేదు. తిరిగొచ్చేటప్పుడు ఓబులేసు లారీ నడిపే మనిషిలా తిన్నగా ముందుకే చూస్తూ కారు నడిపాడు. టూముట్ దగ్గర పడ్డాక అన్నాడు, "ఆ ఎగువ వరసల్లో మేమెవరమూ ఎక్కువసేపు నిలబడలేకపోయినాం మేడం. ఎందుకో చెప్పమంటే చెప్పలేను."

కాన్‌బెర్రా ఆస్పత్రి

కీత్‌ను హెలికాప్టర్‌లో కాన్‌బెర్రాకు తెచ్చారు. వారం ఆగి చూడటానికి వెళ్లాను. వట్టి చేతులతో వెళ్లలేక సంచీలో మిగిలిన బాట్లో ఆపిల్స్ పట్టుకెళ్లాను. మా ఊరి అలవాటు.

ఆయన దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. "నేను పోతున్నానని అనుకున్నాను" అని మొదలుపెట్టారు. "పొగమంచులో ఒక ఆడగొంతు. ఏ భాషో తెలియదు. కానీ మధ్య మధ్య చెట్ల పేర్లు. లాటిన్‌లో, వరసగా, తప్పు లేకుండా. మనిషి పోయేటప్పుడు ఎవరెవరో కనిపిస్తారంటారు కదా. నాకు మాత్రం టీచరమ్మ వచ్చిందే అనుకున్నాను. ఆ గొంతు ఆగిపోయాక దాన్నే లోపల చెప్పుకుంటూ తెల్లవారేదాకా మెలకువగా ఉన్నాను."

ఇక దాచలేకపోయాను. "నేను మీ మూలుగు విన్నాను. చెట్టనుకుని వచ్చేశాను. మీరు రాత్రంతా అక్కడ పడి ఉండటానికి నేనే కారణం."



"పట్టించుకోవద్దని చెప్పింది నేనే కదా" అన్నారు. నవ్వబోయి, పక్కటెముకలు పట్టుకుని ఆగారు. "వినిపించిందన్నమాట. ఎవరికీ వినపడలేదనుకున్నాను. ఒక్కసారే అరవగలిగాను. పక్కటెముకలు కూడా విరిగాయి కదా, రెండోసారికి ఊపిరి అందలేదు."

"ఒక్కసారేనా?" అన్నాను.

"ఒక్కసారే."

నాకు రెండు వినిపించాయన్న మాట నోటి దాకా వచ్చింది. ఎగువ నుంచి వచ్చినది దగ్గరగా ఉందని, గాలి లేదని, మీ వాళ్లు వెతికితే అక్కడ ఏమీ లేదని చెప్పాలనిపించింది. ఆయన మంచం పక్క బల్ల మీద కొలతల పుస్తకం తెరిచి ఉంది. ఈ ఏటి వరసలో సగం గడులు ఖాళీ. కాలు అతుక్కోగానే ఈ మనిషి మళ్లీ ఒక్కరే ఆ కొండ ఎక్కుతారని తెలుస్తూనే ఉంది.

"ఈసారి నేనూ వస్తాను" అన్నాను. "టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒకరుండాలి కదా."

ఆయన ఒక ఆపిల్ తీసుకుని, తినకుండా చేతిలో తిప్పుతూ అడిగారు. "అంత జరిగాక, భయం లేదా?"

"ఉంది" అన్నాను.